జాక్ పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చేసింది

మొత్తానికి 'టైటానిక్' కేసు తేలిపోయింది, ఊపిరి పీల్చుకోండి. ఆ సినిమాలో ఓడ మునిగాక రోజ్ తేలుతున్న ఒక చెక్కెక్కి బతుకుతుంది, ఆమె ప్రియుడు జాక్ చల్లటి నీళ్లలోనే ఉండి చస్తాడు; ఆ చెక్క మీద ఇద్దరికీ జాగా ఉందా లేదా అన్నదే కేసు. 2012లో 'మిత్‌బస్టర్స్' అనే టీవీ కార్యక్రమంలో ఇద్దరు పెద్దమనుషులు నీళ్లలో చెక్క వేసుకుని, ఎక్కి, ఊగి, తేల్చిందేమిటంటే రోజ్ లైఫ్‌జాకెట్‌ని ఆ చెక్క కింద కట్టి ఉంటే జాక్ కూడా బతికేవాడట.

సరే, కట్టించండి. ఆ రాత్రి అట్లాంటిక్ నీళ్లు దాదాపు మైనస్ 2 డిగ్రీలు, ఉప్పు వల్ల గడ్డ కట్టలేదు అంతే. అందులో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరే చేతికి దొరకదు, పది నిమిషాలు తిరిగేసరికి వేళ్లు మాట వినవు. మనవాడు ఆ స్థితిలో "అమ్మాయీ, కాస్త నీ జాకెట్ విప్పివ్వు, చిన్న ప్రయోగం ఉంది" అనాలి. ఆవిడ పళ్లు టకటకలాడుతుండగా తాళ్లు విప్పివ్వాలి. ఈయన చిమ్మచీకట్లో చెక్క కిందికి మునిగి, పైకి తన్నుకొచ్చే జాకెట్‌ని మోచేత్తో అదిమి, తాడు ఒక కొస అటు, ఒక కొస ఇటు లాగి ముడేయాలి. వదులైందని ఆవిడ అంటే మళ్లీ మునగాలి. చుట్టూ వందల మంది కేకలు పెడుతున్నారు కదా, వాళ్లంతా కాసేపు నోరు మూసుకోవాలి, షూటింగ్ డిస్టర్బ్ అవుతుంది!

స్టూడియో వాళ్ల లెక్కలన్నీ కరెక్టే, ముడేసిన వేళ్లు మాత్రం కొయ్యబారిన వేళ్లు కావు. అదే కార్యక్రమంలో ఆ సినిమా తీసిన జేమ్స్ కామెరాన్, జాక్ చావాలని స్క్రిప్టులో ఉంది, చచ్చాడు అనేశాడు. నయం అనుకున్నా. 2023లో ఆయన కూడా ఇదే చెక్క మీద ఒక ప్రయోగం చేయించి చూపించాడు!

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆ కేకలు పెట్టినవాళ్లు కల్పన కాదు. నిజంగా మునిగిన ఆ ఓడలో 2,200 మందికి పైగా ఉంటే, ఉన్న 20 లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికి. పది వేల టన్నులు దాటిన ఏ ఓడకైనా 16 బోట్లు చాలని అప్పటి బ్రిటిష్ రూలు, ఇదేమో 46 వేల టన్నులది, అయినా కాగితాల మీద అంతా సక్రమమే. మొదట దించిన ఏడో నంబరు బోటులో 65 మంది పడతారు, ముప్ఫై మంది కూడా లేకుండా వెళ్లిపోయింది. దాదాపు పదిహేను వందల మంది చచ్చారయ్యా! పుట్టనే పుట్టని జాక్‌కి జాగా ఉందా లేదా అని ఇన్నేళ్లుగా టేపు పట్టుకుని కొలుస్తున్నారే, ఆ బోటులో ఖాళీగా వెళ్లిన సీట్లకి ఎవరైనా టేపు పట్టారా?