ఆట చూపండి, వార్తలు ఆపకండి

క్రికెట్ మ్యాచ్ కోసం సీరియల్ ఆపేస్తే ఒకరికి కోపం. మ్యాచ్ రసపట్టులో ఉండగా ఆపి వార్తలు వేస్తే ఇంకొకరికి కోపం. టీవీ ఇళ్లలోకి వచ్చినప్పటి నుంచీ ఈ గొడవ ఉన్నదే. రెండు కోపాలూ న్యాయమైనవేనని మా అభిప్రాయం. అయితే ఒడిశా సరిహద్దులోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల తెలుగువారికి ఇందులో ఒక అదనపు కష్టం ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

విజయవాడలో ఒక తెలుగు కార్యక్రమం ఆగిపోతే ఇంట్లోవాళ్లు విసుక్కుని ఇంకో ఛానల్ పెట్టుకుంటారు. బయటకు వెళ్తే వీధంతా తెలుగే, బస్సు బోర్డు తెలుగే, గుమ్మం ముందు పడే పేపరూ తెలుగే. ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురంలో అలా కాదు. పిల్లల చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. తహసీల్దారు ఆఫీసు కాగితం ఒడియాలో వస్తుంది. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు తప్పిస్తే, బయటి నుంచి ఆ ఇంట్లోకి రోజూ వచ్చే తెలుగు చాలామందికి టీవీ ఒక్కటే. ఒక సాయంత్రం అది ఆగిందంటే ఆ పూటకు తెలుగు ఆగినట్టే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు అది. అక్కడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరం. అయినా అక్కడ తెలుగు వినడానికి ఇప్పుడు ఒక డిష్, ఒక రీఛార్జ్, ఒక రిమోట్ కావాలి.

దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఈ ఊళ్లలో పొడవాటి గొట్టాలకు యాంటెన్నాలు కట్టి ఆంధ్ర వైపు తిప్పుకునేవారు. గాలివాన వస్తే ఒకరు డాబా ఎక్కి గొట్టం తిప్పాలి, ఇంకొకరు కిటికీలోంచి 'వచ్చింది, వచ్చింది, పోయింది' అని అరవాలి. అంత తంటాలు పడి పట్టుకున్న బొమ్మలో ఆ రోజు ప్రాంతీయ కార్యక్రమానికి బదులు ఢిల్లీ నుంచి వచ్చే టెస్ట్ మ్యాచ్ కనిపిస్తే పెద్దవాళ్లకు ఉసూరుమనేది. ఆ తరం కుర్రాళ్లకు 1983 జూన్ 25 నాటి ప్రపంచ కప్ ఫైనల్ ఈ రోజుకీ గొప్ప జ్ఞాపకం. ఆ రాత్రి కపిల్ దేవ్ జట్టు గెలవడం చూసినవాళ్లు ఏ కార్యక్రమం పోయిందో చెప్పలేరు. అంటే ప్రత్యక్షంగా చూపాల్సిన ఆట ఉంటుంది. దానికి మిగతావి దారివ్వాల్సిన రోజూ ఉంటుంది. ఇందులో మాకు సందేహం లేదు.

దారివ్వాల్సింది ఏది, ఎన్నిసార్లు, ఎవరికి చెప్పి అన్నదే మా ప్రశ్న.

2007లో కేంద్రం తెచ్చిన చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా గుర్తించిన క్రీడల ప్రత్యక్ష ప్రసారాన్ని, హక్కులు కొనుక్కున్న ప్రైవేటు సంస్థలు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. డబ్బు కట్టలేని ఇంటికి కూడా దేశం ఆడే ఆట చేరాలన్నది దాని ఉద్దేశం. మంచి చట్టం. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు, అలా అందుకున్న ప్రసారాన్ని దూరదర్శన్ తన సొంత ట్రాన్స్‌మిటర్ల ద్వారా, ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే చూపాలనీ, కేబుల్ వాళ్లకు, ప్రైవేటు డీటీహెచ్ సంస్థలకు ఇవ్వకూడదనీ తేల్చింది. దాంతో దూరదర్శన్‌లో ఉచితంగా మ్యాచ్ చూసే అవకాశం ఎక్కువగా ఫ్రీ డిష్ పెట్టుకున్నవారికే మిగిలింది. నెలనెలా డబ్బు కట్టనక్కరలేదని కూలికి వెళ్లేవాళ్లు, చిన్న కొట్టు నడుపుకునేవాళ్లు కొనుక్కునేది ఆ డిష్షే. అందులో వచ్చే ప్రైవేటు ఛానళ్లలో ఎక్కువ భాగం హిందీవి. తెలుగు కావాలంటే వాళ్లకు ప్రధాన ఆధారం దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి. ఆట కోసం ఈ రెండింటిలో ఏది పక్కకు జరిగినా దెబ్బ తగిలేది వాళ్లకే.

2023 ఆగస్టులో వెస్టిండీస్‌తో జరిగిన టీ20 మ్యాచ్‌లను దూరదర్శన్ ఈ రెండు ఛానళ్లలోనూ తెలుగు వ్యాఖ్యానంతో ఇచ్చింది. మ్యాచ్ మన టైము ప్రకారం రాత్రి 8 గంటలకు మొదలయ్యేది. ఆ నిర్ణయాన్ని మేము తప్పు పట్టం. ఒడియా బడిలో చదువుకునే రాయగడ కుర్రాడు మూడు గంటల సేపు కదలకుండా తెలుగు వింటాడు. 'బంతి గాల్లోకి లేచింది, ఫీల్డర్ వెనక్కి పరుగెడుతున్నాడు' అన్న వాక్యం అతని చెవిలో పడుతుంది. మామ్మ చెప్పే కథకు ఇప్పుడు అతను అంతసేపు కూర్చోడు. తెలుగు అక్షరాలు రాని పిల్లలు తెలుగు మాటలు నిలుపుకోవడానికి ఇంతకంటే తేలిక దారి మాకు కనిపించడం లేదు. కానీ ఆ మూడు గంటలూ ఆ ఇంట్లో మిగతావారి తెలుగులోంచే తీసుకున్నారు. క్రీడలకు దూరదర్శన్‌కు వేరే ఛానల్ ఉంది. తెలుగు వ్యాఖ్యానం ఇవ్వడానికి రెండు తెలుగు ఛానళ్లనూ ఒకేసారి వాడుకోవాల్సిన పనేమిటి? ఒకదాంట్లో ఆట, రెండో దాంట్లో రోజువారీ కార్యక్రమాలు ఉంచితే ఇద్దరి మాటా నెగ్గుతుంది కదా. ఈ పాటి ఆలోచనకు పైసా ఖర్చు కాదు.

సరిహద్దు ఊళ్లలో ఈ విషయం కదిపితే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. టీ కొట్టు యజమానికి మ్యాచ్ ఉంటే నాలుగు టీలు ఎక్కువ అమ్ముడవుతాయి. కాగితపు మిల్లులో షిఫ్ట్ దిగి వచ్చినవాడికి చివరి అయిదు ఓవర్లు చాలు. ఇంట్లో పెద్దావిడ మాత్రం 'ఈవేళ కూడా ఆటేనా, మా సీరియల్ ఏటైపోనాది?' అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నవ్వేసి ఊరుకోవడం చాలామందికి అలవాటు. సీరియల్ అంటే చిన్నచూపు, ఆట అంటే దేశభక్తి అన్న లెక్క మాకు నచ్చదు. రోజంతా ఇంటి పనితో నలిగిన మనిషి ఎదురుచూసే ఆ అరగంటకు, మిల్లు కార్మికుడి అయిదు ఓవర్లకు ఉన్న విలువే ఉంది.

ఆడవాళ్లకు ఆట పట్టదన్న మాట కూడా అబద్ధమే. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ వాన వల్ల ఆలస్యమై సాయంత్రం అయిదుకు మొదలైంది. దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో మన జట్టు గెలిచేసరికి అర్ధరాత్రి కావొచ్చింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ రాత్రి నిద్ర మానుకుని చూసినవాళ్లలో సీరియల్ కోసం దెబ్బలాడే ఆడవాళ్లూ ఉన్నారు. హాకీ వస్తే ఇక్కడి తెలుగువారు ఒడిశావారే. 2018లో, 2023లో పురుషుల ప్రపంచ కప్ తమ రాష్ట్రంలో జరిగిందని గర్వంగా చెప్పుకుంటారు. ఐపీఎల్ వస్తే హైదరాబాద్ జట్టు తమది అంటారు. మనుషుల ఇష్టాలు ఇలా కలగలిసే ఉంటాయి. ప్రసార సంస్థలే వాటిని రెండు శిబిరాలుగా చూస్తున్నాయి.

సీరియల్ రేపైనా వస్తుంది. వార్తల సంగతి వేరు.

తూర్పు తీరానికి అక్టోబరు అంటే తుపానుల నెల. క్రికెట్ ప్రసారకులకు అది మన దేశంలో సీజన్ ఊపందుకునే నెల. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడే పుణెలో ఆస్ట్రేలియాతో వన్డే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 14న అక్కడ వెస్టిండీస్‌తో జరగాల్సిన వన్డేనే రద్దు చేయాల్సి వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మర్నాడు హైదరాబాద్‌లో టెస్ట్ మ్యాచ్ మొదలైంది. ఇలా రెండూ ఒకే వారంలో పడటం ఇక్కడ మామూలే.

తుపాను దాటాక టీవీ పనికిరాదు, కరెంటే ఉండదు. అది పనికొచ్చేది ముందు రెండు రోజులు. గజపతి కొండల మీద కురిసిన వాన వంశధారలోకి, మహేంద్రతనయలోకి దిగి శ్రీకాకుళం పొలాల మీదికి వస్తుంది. గొట్టా బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతుందో పర్లాకిమిడిలో ఉన్న కుటుంబానికి తెలియాలి, ఎందుకంటే వాళ్ల భూమి, వాళ్ల అన్నదమ్ములు కింద ఉన్నారు. ఒడియా వార్తలు గంజాం, గజపతి సంగతి చెబుతాయి. అవతలి గట్టు సంగతి తెలుగు వార్తల్లోనే దొరుకుతుంది. ఈ కుటుంబాలకు రెండూ కావాలి. సూపర్ ఓవర్ వచ్చినా, వానతో ఆట ఆలస్యమైనా, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో తెలుగు వార్తలు, ఒడియా వార్తలు అనుకున్న టైముకు పడి తీరాలి. దీని మీద బేరం లేదు.

ఆటను మధ్యలో తెంచడమూ మర్యాద కాదు. 1968 నవంబరు 17న అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ను ఇంకా నిమిషం ఆట ఉందనగా ఆపి, ముందే ప్రకటించిన పిల్లల సినిమా వేసింది. ఆ కాస్త సమయంలో ఓడిపోతున్న ఓక్లాండ్ జట్టు తొమ్మిది సెకన్ల తేడాలో రెండు టచ్‌డౌన్లు చేసి 43-32తో గెలిచింది. ఆట కొనసాగించాలని పై అధికారులు అప్పటికే అనుకున్నారు. కానీ ఆట ఆపుతారా అని కొందరు, సినిమా టైముకు వేస్తారా అని కొందరు చేసిన ఫోన్లతో లైన్లన్నీ నిండిపోయి, కంట్రోల్ రూముకు వాళ్ల మాట అందలేదు. ప్రేక్షకులు అంత గట్టిగా అడిగితేనే ఆట చివరిదాకా చూపాలన్న షరతు అక్కడ ఒప్పందాల్లోకి వచ్చింది. మన దగ్గర కేబుల్ అబ్బాయిని తిట్టి ఊరుకుంటున్నాం. పాపం, అతని చేతిలో ఏముంది?

ప్రైవేటు ఛానళ్ల లెక్క వేరు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ టీవీ హక్కులకే 23,575 కోట్ల రూపాయలు పోశారు. అంత పెట్టినవాళ్లు ఆటను ఎన్ని ఛానళ్లలో వేసుకుంటే అంత లాభమని చూస్తారు. వ్యాపారం వాళ్లది, కాదనం. కానీ 2019 ఫిబ్రవరి నుంచి ప్రేక్షకుడు ఛానళ్లను ఏరుకుని వాటికి డబ్బు కడుతున్నాడు. ఒడిశాలో ఉన్న తెలుగువాడు తెలుగు ఛానళ్లను చాలాసార్లు విడిగా చేర్చుకోవాలి. సీరియళ్లు, సినిమాల కోసం కొన్న ఛానల్లో చెప్పాపెట్టకుండా ఇంకొకటి వేస్తే అది కొనుక్కున్నవాడిని మోసం చేయడమే. ఫోన్ యాప్‌లో చూసుకోండి అనడం సమాధానం కాదు. రాయగడ, కొరాపుట్ కొండల మధ్య ఊళ్లలో సిగ్నల్ కోసం చెట్టెక్కే పరిస్థితి ఇంకా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు యాప్ పెట్టిచ్చే మనవడు ఏ సూరత్‌లోనో పనిలో ఉంటాడు.

క్రికెట్ షెడ్యూలు నెలల ముందే వస్తుంది. కాబట్టి ఏ రోజు ఏది రాదో వారం ముందే చెప్పడానికి ఏ ఛానల్‌కూ అడ్డం లేదు. తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగ్ ఒక్క రోజు, ఒక్కసారి వేస్తే సరిపోదు. ఆ కార్యక్రమం వచ్చే టైములోనే ముందు మూడు రోజులు చెప్పాలి, మళ్లీ ఎప్పుడు వేస్తారో కూడా చెప్పాలి. ఆట సాగితే వెనకాల కార్యక్రమం ఎంత ఆలస్యమవుతుందో అప్పటికప్పుడు తెర మీద కనిపించాలి.

ప్రసార భారతి నుంచి మేము అడిగేది ఇంకొంచెం ఎక్కువ. అది జనం సొమ్ముతో నడిచే సంస్థ. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఒక క్రికెట్ ప్రసారం మీద వచ్చిన తగాదాలోనే. సప్తగిరి, యాదగిరి రెండింటిలో ఒకటి ఎప్పుడూ ఆటకు వెళ్లకుండా రాతపూర్వక నియమం పెట్టాలి. ఈ అక్టోబరు రాకముందే ఆ ఉత్తర్వు రావాలి. విజయవాడ, హైదరాబాద్, భువనేశ్వర్ కేంద్రాలు మూడూ కలిసి కూర్చుని, తుపాను రోజుల్లో ఎవరి వార్తలు ఏ టైముకు, ఏ ఛానల్లో వస్తాయో పట్టిక వేసి సరిహద్దు జిల్లాల్లో ప్రకటించాలి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురంలోని తెలుగు సంఘాలు ఈ కోరికతో ప్రసార భారతికి ఉత్తరాలు రాయాలి. వాటిని మేము ప్రచురిస్తాం, జవాబు వచ్చేదాకా అడుగుతాం.