ఓడ మనదే.. దాన్ని నడిపే ఇంజినే ఇంకా మనది కాదు

2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో ఉదయగిరి, హిమగిరి అనే రెండు ఫ్రిగేట్లు ఒకే రోజు భారత నౌకాదళంలో చేరాయి. మొదటిది ముంబయి మజగావ్ డాక్‌లో తయారైంది, రెండోది కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో. రెండు వేర్వేరు షిప్‌యార్డులు కట్టిన పెద్ద యుద్ధనౌకలు ఇలా ఒకేసారి చేరడం అదే మొదలు. పైగా ఉదయగిరి నౌకాదళం సొంత డిజైన్ విభాగం గీసిన నూరో నౌక. స్వాతంత్ర్యం నాటికి చిన్న గస్తీ పడవ కూడా సొంతంగా గీసుకోలేని దేశానికి ఇది నిజంగా గర్వకారణం. కానీ ఆ ఓడల అడుగుకు దిగి చూస్తే ప్రధాన టర్బైన్ అమెరికా కంపెనీ డిజైన్, డీజిల్ ఇంజిన్ జర్మన్ కంపెనీ డిజైన్. మన నౌకాదళ చరిత్రలో ఇప్పటికీ తెగని ముడి ఇక్కడే ఉంది.

నౌకాదళం ఓడను మూడు భాగాలుగా లెక్కేస్తుంది: తేలే భాగం, కదిలించే భాగం, పోరాడే భాగం. 2015లో అది విడుదల చేసిన స్వదేశీకరణ ప్రణాళిక ప్రకారం అప్పటికి ఈ మూడింటిలో మన వాటా సుమారు 90, 60, 30 శాతం. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడింది, ముఖ్యంగా ఆయుధాల్లో. అయినా వరుస మాత్రం మారలేదు. ప్రారంభోత్సవాల్లో వినిపించే ‘75 శాతం స్వదేశీ’ అన్న అంకె తప్పు కాదు. అయితే ఆ మిగిలిన పాతిక శాతంలో ఏముందన్నదే ఓడ సముద్రంలోకి వెళ్తుందా, రేవులో ఆగిపోతుందా అన్నది తేలుస్తుంది.

పాత ఓడల సంగతి చూస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. 1950 జనవరి 26న ‘రాయల్’ అన్న మాట తీసేసి భారత నౌకాదళంగా మారినప్పుడు మన ప్రధాన నౌక ‘ఢిల్లీ’. అది రెండో ప్రపంచ యుద్ధంలో ‘అకిలీస్’ పేరుతో పోరాడిన క్రూజర్. 1957లో ‘నైజీరియా’ అనే మరో బ్రిటిష్ క్రూజర్ ‘మైసూర్’గా వచ్చింది. 1958లో రామదాస్ కటారి తొలి భారతీయ నౌకాదళాధిపతి అయ్యారు. 1961 మార్చి 4న బెల్ఫాస్ట్‌లో తొలి ‘విక్రాంత్’ చేరింది. బ్రిటన్ యుద్ధకాలంలో మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఓడ అది.

1971 యుద్ధం అనగానే కరాచీ మీద క్షిపణి పడవల దాడి, విశాఖ ముంగిట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తాయి. విక్రాంత్ బాయిలర్ సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చాయి. దాంతో ఓడ పూర్తి వేగం అందుకోలేని స్థితిలోనే యుద్ధానికి వెళ్లింది. విమాన వాహక నౌకకు వేగం అంటే గమ్యం త్వరగా చేరడం ఒక్కటే కాదు. ఓడ గాలికి ఎదురు వెళ్తేనే డెక్ మీద గాలి వేగం పెరుగుతుంది, ఆ గాలి ఉంటేనే బరువైన విమానం లేస్తుంది. వేగం తగ్గితే విమానం మోసే బాంబులు, ఇంధనం తగ్గించుకోవాలి. అలాంటి ఓడతోనే మనవాళ్లు చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవులను కొట్టారు. అది వాళ్ల దక్షత. పాత ఇంజిన్‌తో యుద్ధానికి దిగాల్సి రావడం మాత్రం మనం కొని తెచ్చుకున్న బలహీనత.

మళ్లీ నలభై ఏళ్లకు ఇంచుమించు అదే కథ. రష్యా నుంచి కొన్న ‘విక్రమాదిత్య’కు 2004లో కుదిరిన ధర 97.4 కోట్ల డాలర్లు. చేతికొచ్చేసరికి అది 230 కోట్ల డాలర్లు దాటింది. 2012లో సముద్ర పరీక్షల్లో పూర్తి వేగానికి తీసుకెళ్లగానే ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. లోపలి ఉష్ణ కవచంగా పేర్చిన ఇటుకలు ఆ వేడికి నిలవలేదు. ఓడ మరో ఏడాది ఆలస్యంగా, 2013 నవంబరులో మనకు దక్కింది.

ఓడ ఆకారం విషయంలో మాత్రం మనం ఇంకొకరి మీద ఆధారపడాల్సిన అవసరం ఎన్నడో తీరిపోయింది. 1972లో చేరిన ‘నీలగిరి’ బ్రిటిష్ లియాండర్ నమూనా ప్రకారం మజగావ్ డాక్‌లో కట్టింది. ఆ తరగతిలో ఆరు ఓడలు కడుతూ నేర్చుకున్నదంతా 1983లో వచ్చిన ‘గోదావరి’లో పెట్టారు. లియాండర్‌లో ఉన్న ఆవిరి యంత్రాన్నే తీసుకుని, అంతకన్నా పెద్ద ఓడను, రెండు సీకింగ్ హెలికాప్టర్లు మోసేలా మనవాళ్లే గీశారు. సోవియట్ క్షిపణులు, పాశ్చాత్య పరికరాలు, మన కంప్యూటర్లు ఒకే ఓడలో కలిపి పనిచేయించారు. వాటి కరెంటు అవసరాలు వేరు, సంకేతాల పద్ధతి వేరు. వాటిని ఒకదానితో ఒకటి మాట్లాడించడమే పెద్ద ఇంజినీరింగ్. ఆ విద్యే ఢిల్లీ, కోల్‌కతా, విశాఖపట్నం తరగతుల విధ్వంసక నౌకల దాకా నడిపించింది.

ఉక్కు కథ అయితే ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ తెలుసుకోదగ్గది. మనమే కట్టుకున్న కొత్త విమాన వాహక నౌక విక్రాంత్‌కు కావలసిన యుద్ధనౌకల ఉక్కు రష్యా నుంచి సకాలంలో రాలేదు. అప్పుడు హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249 రకం ఉక్కును తయారుచేశాయి. యుద్ధనౌక ఉక్కు పలకకు గట్టిదనం ఒక్కటే చాలదు. పక్కన పేలుడు జరిగితే పగలకుండా సాగాలి, వెల్డింగ్ చేసిన చోట పెళుసుబారకూడదు. అందుకే ఉక్కుతో పాటు దానికి సరిపడే వెల్డింగ్ కడ్డీలు, ఎంత వేడి చేసి ఎలా అతకాలన్న పద్ధతి కూడా కొత్తగా తేల్చాల్సి వచ్చింది. ఒకసారి ఆ పని అయ్యాక, ఆ తర్వాత కట్టిన యుద్ధనౌకలన్నింటికీ అదే ఆధారమైంది. సరఫరా ఆగిపోవడం వల్ల మనకు కలిగిన మేలు ఇది. ఇంజిన్ల విషయంలో అంత గట్టి పట్టుదల ఎందుకు కనిపించలేదన్నదే నా ప్రశ్న.

ఢిల్లీ, కోల్‌కతా, విశాఖపట్నం తరగతుల విధ్వంసక నౌకలకు గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మైకోలైవ్ నగరంలో ఉన్న జోర్యా మాష్‌ప్రోయెక్ట్ సంస్థవి. ఒక్కో ఓడకు నాలుగు. 2022లో యుద్ధం మొదలయ్యాక ఆ నగరమే దాడులకు గురైంది. అంతకుముందే రష్యాకు ఉక్రెయిన్ ఇంజిన్లు ఇవ్వడం మానేసింది. ఫలితంగా రష్యాలోని యాంతార్ షిప్‌యార్డులో మన కోసం కట్టిన ‘తుశిల్’, ‘తమాల్’ ఫ్రిగేట్లకు ఇంజిన్లను ఉక్రెయిన్ దగ్గర మనమే కొని రష్యాకు ఇవ్వాల్సి వచ్చింది. ఓడ కట్టే దేశానికీ ఇంజిన్ ఇచ్చే దేశానికీ మధ్య యుద్ధం, రెండింటి మధ్యా నిలబడ్డ కొనుగోలుదారు మనం. తుశిల్ 2024 డిసెంబరులో, తమాల్ 2025 జులైలో చేరాయి. ఇప్పుడు వాటికి విడిభాగాలు పాతికేళ్లపాటు సమకూర్చుకోవాలి.

గ్యాస్ టర్బైన్ ఒకసారి బిగించి మరచిపోయే వస్తువు కాదు. సముద్రపు గాలిలోని ఉప్పు కంప్రెసర్ రెక్కలకు పట్టుకుంటుంది. పట్టిన కొద్దీ లోపలికి వెళ్లే గాలి తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, శక్తి పడిపోతుంది. అందుకే లవణాలు లేని శుద్ధ నీటితో కంప్రెసర్‌ను తరచూ కడగాలి. వేడి భాగంలో ఇంధనంలోని గంధకం, ఈ ఉప్పు కలిసి రెక్కల పైపూతను తినేస్తాయి. నిర్ణీత గంటలు తిరిగాక ఇంజిన్‌ను గాలి పీల్చే గొట్టం గుండా పైకి లాగి, సిద్ధంగా ఉంచిన మరోదాన్ని దించుతారు. ఆ ‘సిద్ధంగా ఉంచిన’ ఇంజిన్ లేకపోతే ఓడ కదలదు. ఇంకొకటి, టర్బైన్ శక్తిని 15 డిగ్రీల గాలి దగ్గర లెక్కగడతారు. బంగాళాఖాతంలో 30 డిగ్రీలు దాటిన గాలి పలచన, కాబట్టి అదే ఇంజిన్ ఇక్కడ తక్కువ శక్తినిస్తుంది. మన సముద్రాల కోసం మనమే ఇంజిన్ గీసుకోవాలనడానికి ఇదొక్క కారణమే చాలు.

గేర్‌బాక్స్ సంగతీ అంతే. కొత్త విక్రాంత్‌లో నాలుగు ఎల్ఎం 2500 రకం టర్బైన్లు కలిపి 88 మెగావాట్లు ఇస్తాయి. టర్బైన్ షాఫ్ట్ నిమిషానికి 3,600 సార్లు తిరిగితే ప్రొపెల్లర్ తిరగాల్సింది రెండొందలకు అటూ ఇటూ. ఆ వేగాన్ని తగ్గించే భారీ పళ్ల చక్రాల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా చప్పుడు పుడుతుంది, ఆ చప్పుడును శత్రు జలాంతర్గామి పట్టేస్తుంది. పైగా గేర్‌బాక్స్ ఓడ అడుగున ఉంటుంది. అది రాకపోతే దాని పైనున్న అంతస్తులు మూయడం కుదరదు. 2009లో మొదలైన విక్రాంత్ 2022 సెప్టెంబరు 2 దాకా సాగడానికి ఉక్కుతో పాటు గేర్‌బాక్సుల ఆలస్యమూ కారణమే.

పోరాడే భాగంలో జాప్యం ఇంకా బాధ కలిగిస్తుంది. 2014 ఆగస్టులో ‘కోల్‌కతా’ చేరినప్పుడు దాని ప్రధాన విమాన విధ్వంసక క్షిపణి బరాక్ 8 సిద్ధంగా లేదు. ఆ ఓడ నుంచి తొలి ప్రయోగం 2015 డిసెంబరు చివర్లో జరిగింది. 2014 ఆగస్టులోనే చేరిన ‘కమోర్తా’ జలాంతర్గాములను వేటాడటానికే పుట్టిన ఓడ. చేరేనాటికి దానికి తోకలా నీటిలో లాక్కెళ్లే సోనార్ (శబ్దంతో జలాంతర్గామిని పసిగట్టే పరికరం) లేదు. మన వెచ్చని సముద్రాల్లో పైనీటికీ లోతునీటికీ ఉష్ణోగ్రత తేడా ఎక్కువ, ఆ సరిహద్దు దగ్గర శబ్దం వంగిపోతుంది. ఓడ అడుగున బిగించిన సోనార్‌కు ఆ పొర కింద దాగిన జలాంతర్గామి సరిగా వినపడదు. సోనార్‌ను పొర కిందికి దించగలిగితేనే వేట సాధ్యం.

స్కార్పీన్ జలాంతర్గాములది అంతకన్నా విచారకరమైన స్థితి. 2005లో ఆరింటికి ఒప్పందం కుదిరింది. వాటి కోసం ఎంచుకున్న 98 బ్లాక్‌షార్క్ టార్పెడోల కొనుగోలు, ఆ కంపెనీ మాతృసంస్థ హెలికాప్టర్ల కుంభకోణంలో చిక్కుకోవడంతో రద్దయింది. 2017లో ‘కల్వరి’ పాతతరం టార్పెడోలతోనే చేరింది. 2025 జనవరిలో ఆరోదైన ‘వాఘ్‌షీర్’ చేరేనాటికీ కొత్తవి రాలేదు. కొత్త టార్పెడోను అనుసంధానించే ఒప్పందం 2024 డిసెంబరు 30న కుదిరింది. విశాఖలోని రక్షణ పరిశోధన ప్రయోగశాల ఎన్ఎస్టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో మన ఓడల నుంచి 40 కిలోమీటర్ల దాకా వెళ్తుంది కదా, అదే పెట్టొచ్చుగా అని అడిగేవారున్నారు. జలాంతర్గామి టార్పెడో గొట్టంలోంచి వెళ్లాక కూడా తీగ ద్వారా ఓడ కంప్యూటర్ మాట వింటూ పోవాలి. ఆ కంప్యూటర్ లోపలి భాష దాన్ని తయారుచేసిన ఫ్రెంచ్ కంపెనీ చేతిలో ఉంది. ఒప్పందం రోజునే ఆ హక్కు అడిగి రాయించుకోకపోతే తర్వాత అడిగి లాభం ఉండదు.

వీటన్నిటికీ మూలం ఒకటే. ఓడకు ఒక ఒప్పందం, క్షిపణికి మరొకటి, సోనార్‌కు ఇంకొకటి. ఏ ఫైలు ఎక్కడ ఆగినా ఓడ మాత్రం తేదీకి దిగుతుంది. దానికి తోడు ఉత్పత్తిని మధ్యలో ఆపేసే అలవాటు. జర్మన్ డిజైన్‌తో మజగావ్ డాక్‌లో కట్టిన ‘శల్కి’ 1992లో, ‘శంకుల్’ 1994లో చేరాయి. ముడుపుల ఆరోపణలతో తర్వాతి ఓడలు ఆగాయి. జలాంతర్గామి ఉక్కు దేహాన్ని వెల్డింగ్ చేయడం ఏళ్ల సాధనతో వచ్చే పని. ఆర్డరు లేక ఆ చేతులు చెదిరిపోయాయి, కల్వరి కోసం మళ్లీ మొదటి నుంచీ నేర్పాల్సి వచ్చింది. 1999లో ప్రభుత్వం 30 ఏళ్లలో 24 జలాంతర్గాములు అని ఆమోదించింది. పాతికేళ్లు దాటినా ఆ ప్రణాళిక కింద చేరినవి ఆరే. మరమ్మతులదీ అదే దారి. ‘సింధుకీర్తి’ 2006లో విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో రీఫిట్‌కు చేరి 2015లో బయటపడింది. విడిభాగాల కోసం ఎదురుచూస్తూ తొమ్మిదేళ్లు! అదే యార్డు 2025 జులైలో ‘నిస్తార్’ అనే 118 మీటర్ల గజ ఈతగాళ్ల సహాయ నౌకను సొంతంగా కట్టి ఇచ్చింది. ఆర్డర్లు, విడిభాగాలు సమయానికి అందితే అక్కడి కార్మికులు ఏం చేయగలరో దాన్నిబట్టే తెలుస్తుంది.

మరమ్మతుల్లో ఉన్న ఓడ సముద్రంలో ఉన్నదానికన్నా అపాయంలో ఉంటుందన్నది కూడా విధాన నిర్ణేతలు గుర్తించాలి. 2016లో ముంబయిలో ‘బేత్వా’ డాక్ నుంచి బయటికొస్తూ పక్కకు ఒరిగి ఇద్దరు నావికులు చనిపోయారు. డాక్‌లోకి నీరు వదిలినప్పుడు ఓడ సగం దిమ్మెల మీద, సగం నీటి మీద ఉండే కొద్ది నిమిషాలే గండం. అప్పుడు స్థిరత్వం బాగా తగ్గుతుంది. 2024 జులైలో అదే తరగతి ‘బ్రహ్మపుత్ర’ మంటల్లో చిక్కుకుని, ఆ తర్వాత ఎడమ పక్కకు ఒరిగిపోయింది. ఒక నావికుడు ప్రాణాలు కోల్పోయాడు. మంటలార్పే నీరు పై అంతస్తుల్లో నిలిస్తే అది ఒక పక్కకు పారి ఓడనే తిప్పేస్తుంది. రీఫిట్‌లో తలుపులన్నీ తెరిచి, వాటిగుండా కేబుళ్లు, గొట్టాలు లాగి ఉంటాయి కాబట్టి నీటినీ పొగనూ అడ్డుకునేది ఉండదు. రీఫిట్ గడువు ఎంత పొడిగిస్తే ఈ అపాయం అంతకాలం వెంటాడుతుంది.

ఇక చేయాల్సింది. ఇంజిన్లు, గేర్‌బాక్సులను ఓడ ఆర్డరుకు ముందే, రెండు మూడు తరగతులకు సరిపడా కలిపి కొనాలి. ఇంజిన్ రకాలు తగ్గించాలి, అప్పుడే నిల్వలో స్పేర్ ఉంచుకోవడం సాధ్యపడుతుంది. నౌకాదళంలో చేరిన తేదీతో పాటు ఆయుధాలన్నీ అమరిన తేదీని కూడా పార్లమెంటుకు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, సొంత టర్బైన్. కావేరి విమాన ఇంజిన్ ఆధారంగా తయారైన నౌకా టర్బైన్‌ను నౌకాదళం విశాఖలోని ఐఎన్ఎస్ ఏక్శిల పరీక్షా కేంద్రంలో నడిపి చూసింది. దాని సామర్థ్యం సుమారు 12 మెగావాట్లు. విధ్వంసక నౌకకు అది చాలదు, నిజమే. చిన్న యుద్ధనౌకకు సరిపోతుంది. పక్కన మరో నమ్మకమైన ఇంజిన్ ఉంచి, ఒక్క ఓడలో బిగించి ఉప్పుగాలిలో వేల గంటలు తిప్పితే ఏ రెక్క ఎక్కడ తినుకుపోతుందో, ఏ బేరింగ్ ఎప్పుడు పోతుందో తెలుస్తుంది. ఆ లెక్కలు నేలమీది పరీక్షా కేంద్రంలో దొరకవు, ఏ దేశమూ అమ్మదు. దానికి కావలసిన డబ్బు ఒక ఫ్రిగేట్ ఖరీదులో చిన్న భాగం. వచ్చే బడ్జెట్‌లోనే దానికి ఒక ఓడను కేటాయించవచ్చు.