సవరణ: ఇంటిపని నిమిషాల లెక్క

గత పోస్టులో 2019 జాతీయ సమయ వినియోగ సర్వే నుంచి రెండు అంకెలు ఇచ్చాను: జీతం లేని ఇంటిపనికి రోజుకు ఆడవాళ్లు 299 నిమిషాలు, మగవాళ్లు 97. చాలామంది దీన్ని 'మూడు రెట్లు తేడా' అని పంచుకుంటున్నారు. దానికి ఈ వివరణ తప్పనిసరి.

ఆ అంకెలు సర్వే లెక్క తీసుకున్న రోజు ఇంటిపని చేసినవాళ్ల సగటు మాత్రమే. ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో 81.2 శాతం మంది ఆ పని చేశారు, మగవాళ్లలో 26.1 శాతమే. అంటే నలుగురు మగవాళ్లలో ముగ్గురు ఆ రోజు చీపురు, గరిటె ముట్టనే లేదు. వాళ్లనూ కలిపి అందరి మీదా సగటు తీస్తే ఆడవాళ్లకు సుమారు 243 నిమిషాలు, మగవాళ్లకు 25. తేడా మూడు రెట్లు కాదు, దాదాపు పది.

పిల్లల, పెద్దల సంరక్షణ ఇందులో లేదు, అది వేరే పద్దు. అదే సర్వేలో జీతం లేదా ఆదాయం వచ్చే పని చేసిన ఆడవాళ్లు 18.4 శాతం, మగవాళ్లు 57.3. ఉద్యోగాల్లో ఆడవాళ్లు ఎందుకు తక్కువన్న చర్చ నా దృష్టిలో ఆడవాళ్ల ఆ నాలుగు గంటల ఇంటిపని నుంచే మొదలవ్వాలి.

పాత అంకెలు ఫార్వర్డ్ చేసినవాళ్లు దయచేసి దీన్నీ జతచేయండి.