శాతవాహనుల మూలపురుషుడు గౌతమీపుత్ర శాతకర్ణి కాదు

శాతవాహనుల మీద మీ వ్యాసం బాగుంది కానీ, శాతవాహన సామ్రాజ్యాన్ని స్థాపించింది గౌతమీపుత్ర శాతకర్ణి అని రాశారు. అది పొరపాటు. ఆయన గొప్ప రాజే, కానీ ఆ వంశంలో చాలా తర్వాతివాడు. మూలపురుషుడు సిముకుడు. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర నానేఘాట్ గుహలో వంశస్థుల విగ్రహాలు చెక్కించారు. విగ్రహాలు ఇప్పుడు దాదాపు పోయాయి, పైన చెక్కిన పేర్లు మాత్రం మిగిలాయి. వాటిలో 'రాయా సిముక సాతవాహనో' అని స్పష్టంగా ఉంది.

ఇంకా ముఖ్యమైన సాక్ష్యం మన గోదావరి ఒడ్డున దొరికింది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో సిముకుడి పేరున్న నాణేలు బయటపడ్డాయి. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో 'చిముక' అని ఉంటుంది. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని గుర్తించి చదివారు. అక్కడే గోబద, నారన, కమ్వాయ, సమగోప లాంటి స్థానిక రాజుల నాణేలూ దొరికాయి. వీళ్లు శాతవాహనులకు ముందువాళ్లని చరిత్రకారుల అభిప్రాయం. ఒక్క ఊరి మట్టిలో రెండు కాలాల రాజులు! నాకు దీన్ని మించిన చరిత్ర పాఠం లేదనిపిస్తుంది.

గౌతమీపుత్రుడి నాణేల కథ వేరు. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌థెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అవన్నీ క్షహరాట అనే శక వంశపు రాజు నహపానుడివి. వాటిలో ఎక్కువ భాగం మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్లీ కొట్టించాడు. శత్రువును గెలిచానని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? కానీ అది విజేత నాణెం, స్థాపకుడి నాణెం కాదు. దయచేసి వ్యాసంలో ఆ వాక్యం సరిచేయండి, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కూడా ఇవి చూస్తుంటారు.