బ్రష్ కింద పెట్టండి!

(హాల్లో కిటికీ పక్కన ఈజిల్. దాని మీద చెరువు, పడవ, సాయంత్రపు ఆకాశం ఉన్న ఆయిల్ పెయింటింగ్. శంకరం ఒక కన్ను మూసి, బ్రష్ పట్టుకుని నిలబడ్డాడు. రమణి గుమ్మంలోంచి చూస్తోంది, బొమ్మని కాదు, ఆయన్ని.)

రమణి: ఏమండీ, బొమ్మ అయిపోయిందని రాత్రే చెప్పారు కదా?

శంకరం: అయిపోయింది. చిన్న టచప్, అంతే.

రమణి: మొన్న కూడా టచప్పే. ఇప్పుడేం తక్కువైందట?

శంకరం: అదే తెలియడం లేదు. ఏదో తక్కువైంది.

రమణి: ఏది తక్కువో తెలియకుండానే బ్రష్‌కి రంగు అద్దేశారా?

శంకరం: వేస్తూ ఉంటే అదే తెలుస్తుంది.

రమణి: (ఫోన్ తీసి) ఇలా రండి. రోజూ ఫొటో తీసి పెట్టాను. ఇది ఆదివారం: పడవలో మనిషి, తల మీద టోపీ. ఇది మంగళవారం: మనిషి ఉన్నాడు, టోపీ లేదు. ఇది నిన్న: టోపీ ఉంది, మనిషి లేడు.

శంకరం: మనిషి నీడలో ఉన్నాడు.

రమణి: నీడేదీ?

శంకరం: ...నీడని తర్వాత తీసేశాను.

రమణి: మరి ఆకాశం? ఆదివారం నారింజ రంగులో మెరిసిపోయింది. ఇప్పుడు బురద.

శంకరం: కింద నీలం ఆరకముందే పైన నారింజ వేశాను, రెండూ కలిసిపోయాయి. ఆయిల్ కదా, ఆరడానికి రోజులు పడుతుంది.

రమణి: ఆరేదాకా ఆగొచ్చుగా?

శంకరం: ఊపు పోతుంది కదే!

రమణి: ఊపు అలాగే ఉంది. ఆకాశమే పోయింది.

శంకరం: నీకేం తెలుసు? 1832లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనకి ముందు, టర్నర్ అనే చిత్రకారుడు గోడకి తగిలించిన తన సముద్రం బొమ్మ మీద ఒక్క ఎర్ర చుక్క పెట్టాడు. పక్కనే ఉన్న, కాన్‌స్టేబుల్ అనే ఇంకో చిత్రకారుడి బొమ్మ వెలవెలబోయింది!

రమణి: చుక్క పెట్టి ఏం చేశాడు?

శంకరం: వెళ్లిపోయాడు. తర్వాత వచ్చి ఆ చుక్కనే నీళ్లలో తేలే బోయాగా దిద్దాడు.

రమణి: ముందు ఆ వెళ్లిపోవడం నేర్చుకోండి.

శంకరం: ఫ్రాన్స్‌లో బొనార్ అయితే మ్యూజియంలో ఉన్న తన బొమ్మని కూడా వదల్లేదట. స్నేహితుడు వుయార్ కాపలావాణ్ని మాటల్లో పెడితే, ఈయన రంగులు తీసి దిద్దేశాడని చెప్పుకుంటారు.

రమణి: ఆ కాపలావాడి ఉద్యోగమే ఇప్పుడు నాది. నన్ను మాటల్లో పెట్టకండి. (ఫొటోని నలుపు తెలుపులోకి మార్చి) ఇప్పుడు చెప్పండి, పడవేదీ?

శంకరం: (కళ్లు చిట్లించి) అరె! పడవా, వెనకున్న నీళ్లూ ఒకే ముదురులో ఉన్నాయి. రంగులు వేరు కాబట్టి నాకు తట్టలేదు. తక్కువైంది ఇదేనే! నేనేమో అనవసరంగా ఆకాశాన్ని కెలుకుతున్నాను.

రమణి: హమ్మయ్య, రోగం తెలిసింది. ఏం చేస్తారో ముందు నోటితో చెప్పి, తర్వాత వెయ్యండి.

శంకరం: పడవ అంచు వెనక నీళ్లని కాస్త లేత చేస్తాను. అంతే.

(ఒక్క గీత గీశాడు. పడవ నీళ్లలోంచి విడివడి ముందుకొచ్చింది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఇది అరుదు.)

శంకరం: ఇప్పుడు ఈ పక్క కూడా కొంచెం...

రమణి: ఎందుకు?

శంకరం: బ్రష్‌లో ఇంకా రంగు మిగిలింది.

రమణి: గుడ్డకి తుడిచేయండి.

శంకరం: పోనీ ఆ చెట్టుకొమ్మ...

రమణి: కొమ్మకేమైంది?

శంకరం: ఏం కాలేదు. ఇంకా బాగా వెయ్యగలను.

రమణి: వచ్చే బొమ్మలో వెయ్యండి. ఇందులో సంతకం పెట్టండి.

(పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి తల పక్కకి వంచాడు.)

శంకరం: సంతకం కొంచెం పెద్దదైంది కదూ?

రమణి: ఏమండీ!

శంకరం: సరే, సరే. వార్నిష్ వేసేస్తే ఇక ముట్టుకోను.

రమణి: అయితే ఇప్పుడే వేసేయండి.

శంకరం: ఇప్పుడెలా? పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరదు. ఆర్నెల్లయినా ఆగాలి.

రమణి: ఆర్నెల్లా! (బ్రష్‌లన్నీ ఏరి డబ్బాలో వేసుకుని) అన్నాళ్లూ ఇవి నా బీరువాలో ఉంటాయి.

శంకరం: మరి వచ్చే బొమ్మ?

రమణి: పెన్సిల్‌తో వేసుకోండి.

శంకరం: (కాసేపు ఆలోచించి) ఇంట్లో రబ్బరుందా?