లా కాలేజీ క్లినిక్‌లో కేసు ఎవరి చేతిలో ఉండాలి?

మన విశ్వవిద్యాలయాల న్యాయ కళాశాలల్లో న్యాయ సహాయ క్లినిక్ పేరుతో ఒక గది, తలుపు మీద ఒక బోర్డు ఎక్కడైనా కనిపిస్తాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్యా నిబంధనల ప్రకారం ప్రతి కళాశాలా సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో ఇలాంటి క్లినిక్‌ను నడపాలి. న్యాయ కళాశాలల్లో ఈ క్లినిక్‌లను ప్రోత్సహించి, వాటికి దారి చూపే బాధ్యతను 1987 నాటి న్యాయసేవల చట్టం జాతీయ న్యాయసేవాధికార సంస్థకు అప్పగించింది. చివరి రెండేళ్ల విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పేదలకు న్యాయసేవలు అందించవచ్చని ఆ సంస్థ 2011 నిబంధనలు చెబుతున్నాయి. రాతలో ఏ లోటూ లేదు. అయినా చాలా చోట్ల క్లినిక్ అంటే ఏడాదికి రెండు మూడు అవగాహన సదస్సులు, వేదిక మీద అతిథులు, పత్రికలో ఫొటో, కళాశాలల ప్రమాణాలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు చూపించడానికి ఒక రిజిస్టరు. సదస్సులు వద్దని ఎవరూ అనరు. కానీ సదస్సు అయ్యాక పట్టాదారు పాస్‌పుస్తకం పట్టుకుని నిలబడిన రైతును 'మండల న్యాయసేవల కమిటీకి వెళ్లండి' అని పంపించేసిన చోట విద్యార్థి నేర్చుకున్నదీ లేదు, ఆ రైతుకు దక్కిందీ లేదు. కేసు చేపట్టి, కొసదాకా దాన్ని వదలని చోటునే క్లినిక్ అనాలని నా అభిప్రాయం.

ఒక విచారణ ఖైదీ ఫైలునే తీసుకుందాం. 2022 నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కానివారే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి తన మీద మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే కోర్టు అతన్ని విడుదల చేయాలి. ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు కాబట్టి రెండేళ్ల నాలుగు నెలలు దాటితే అతనికి ఆ అర్హత వస్తుంది. వినడానికి ఇది చిన్న లెక్కలాగే ఉంటుంది. అయితే ఆ మనిషి మీద ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉంటే ఇదే సెక్షన్ అడ్డుపడుతుంది. వేరే జిల్లా పోలీసులు పీటీ వారెంట్ (జైల్లో ఉన్న ఖైదీని మరో కోర్టు ముందు హాజరుపరచమనే ఉత్తర్వు) మీద తీసుకెళ్లి మరో కేసులో రిమాండ్ చేసి ఉంటే ఆ సంగతి మొదటి ఫైలులో కనిపించదు. చార్జిషీటులో సెక్షన్ మారి ఉంటే లెక్కంతా మారిపోతుంది. జైలు రికార్డును, కోర్టు డైరీని, ఎఫ్‌ఐఆర్‌ను పక్కపక్కన పెట్టుకుని తేదీ తేదీ సరిచూసే మనిషి కావాలి. న్యాయసేవాధికార సంస్థ జాబితాలో ఉండి నెలకు పదుల కొద్దీ కేసులు చూసే ప్యానెల్ న్యాయవాదికి అంత తీరిక దొరకదు, విద్యార్థికి దొరుకుతుంది.

బెయిల్ వచ్చినంత మాత్రాన పని అయిపోదు. బెయిల్ మంజూరైన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలనీ, నెలలోగా జామీను ఇవ్వలేకపోతే షరతుల సడలింపును కోర్టు స్వయంగా పరిశీలించవచ్చనీ సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. జామీను పెట్టే బంధువులు లేని వలస కూలీ ఇంటి చిరునామా వెతికి, అక్కడి పంచాయతీతో మాట్లాడి, షరతులు తగ్గించమని దరఖాస్తు రాయడంలో విద్యార్థికి అబ్బే చట్టజ్ఞానం కల్పిత కేసు మీద వాదించే మూట్‌కోర్టు పోటీలో అబ్బదు.

గట్టిగా నడిచే క్లినిక్ ఎంత దూరం వెళ్లగలదో చెప్పే ఉదాహరణ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో 2014లో మరణశిక్షల మీద మొదలై, ప్రాజెక్ట్ 39ఏగా పేరు తెచ్చుకున్న కృషి ప్రస్తుతం శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో స్క్వేర్ సర్కిల్ క్లినిక్‌గా సాగుతోంది. ఆ బృందం విద్యార్థులతో కలిసి దేశమంతటా మరణశిక్ష పడినవారిని, వారి కుటుంబాలను కలిసి 2016లో వెలువరించిన నివేదిక, అలాంటి ఖైదీల్లో 74.1 శాతం మంది ఆర్థికంగా బలహీనులని తేల్చింది. ముద్దాయి బాల్యం, చదువు, మానసిక స్థితి, జైలు ప్రవర్తన తెలుసుకోకుండా మరణశిక్ష ఖరారు చేయకూడదని సుప్రీంకోర్టు 2022 మేలో మనోజ్ కేసులో చెప్పడం వెనక ఇలాంటి ఓపికైన క్షేత్రకృషి ఉంది. పాఠం, పరిశోధన, కక్షిదారు సేవ మూడూ ఒకే బల్ల మీద జరిగినందువల్లే ఇది సాధ్యపడింది.

ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంగతి. నల్సార్‌కు, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయానికి విద్యార్థులు జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి దేశం నలుమూలల నుంచి వస్తారు. వారిలో చాలామందికి తెలుగు రాదు. చర్లపల్లి జైల్లో ఖైదీ తన గోడు చెప్పుకుంటే దుబాసీ కావాలి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి వచ్చే విద్యార్థికి ఆ ఇబ్బంది లేదు. రిమాండ్ రిపోర్టులో పోలీసు భాష వెనక ఏం దాగిందో, పహాణీలో పేరు ఎలా తారుమారైందో ఊరి మనిషి మాటలోనే పట్టుకోగల పిల్లలు వీరు. చాలామంది ఇంట్లో మొదటి తరం పట్టభద్రులు. న్యాయ సహాయానికి ఇంతకంటే తగిన చేతులు లేవు. ఆ కళాశాలల్లోనేమో ఏళ్ల తరబడి నియామకాలు లేక తాత్కాలిక అధ్యాపకులతో తరగతులు నెట్టుకొస్తున్నారు; క్లినిక్ గంటలను చాలా చోట్ల బోధన గంటల్లో కలపరు, పదోన్నతికి లెక్కించరు. కాంట్రాక్టు ముగియగానే వెళ్లిపోయే అధ్యాపకుడు మూడేళ్లు సాగే కేసును ఎలా చేపడతాడు? విద్యార్థులు ఎటూ ఏటేటా మారిపోతారు కాబట్టి, ఒక బ్యాచ్ రాసిపెట్టిన నోట్ చదివి తరువాతి బ్యాచ్ వాయిదాకు వెళ్లాలంటే నడుమ నిలిచి ఉండే ఒక గురువు తప్పనిసరి.

ఆ గురువుకు చట్టమే చేతులు కట్టేసింది. బార్ కౌన్సిల్ నిబంధనల్లోని 49వ నియమం ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునేవారు వకాలత్ వేయకూడదు. 1995 నియమాల ప్రకారం న్యాయవాది రోజుకు మూడు గంటల వరకు పాఠం చెప్పవచ్చు గానీ, పాఠం చెప్పే ఆచార్యుడు తన క్లినిక్‌కు వచ్చిన పేదవాడి తరఫున కోర్టులో నిలబడలేడు. దీని దెబ్బ గోప్యత మీదా పడుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ న్యాయవాదికీ, అతని గుమాస్తాలకూ, దుబాసీకీ, ఉద్యోగులకూ రక్షణ ఇస్తోంది. పర్యవేక్షించే న్యాయవాది లేని క్లినిక్‌లో విద్యార్థికి కక్షిదారు చెప్పుకున్న మాటకు ఆ రక్షణ ఉందని ధీమాగా చెప్పలేం.

వీటితో పాటు స్వేచ్ఛ ప్రశ్న కూడా ఉంది. అమెరికాలో నార్త్ కరోలినా ప్రభుత్వ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో జూలియస్ చాంబర్స్ 2001లో నెలకొల్పిన పౌరహక్కుల కేంద్రం నల్లజాతి, పేద ప్రజల తరఫున కేసులు నడిపేది. 2017 సెప్టెంబరులో ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయాల పాలకమండలి అది ఇకపై దావాలు వేయరాదని ఓటు వేసి తీర్మానించింది. ప్రభుత్వ నిధులతో నడిచే మన క్లినిక్ రేపు భూసేకరణ మీదనో, లాకప్ దెబ్బల మీదనో కేసు వేస్తే ఇక్కడా అదే ఒత్తిడి వస్తుంది. ఏ కేసు తీసుకోవాలన్నది ఉపకులపతి గదిలో గాక అధ్యాపకుల సంఘంలో తేలేలా విశ్వవిద్యాలయ నిబంధనల్లోనే రాసుకోవాలి.

49వ నియమాన్ని క్లినిక్ కేసుల మేరకైనా సడలించడం బార్ కౌన్సిల్ చేతిలోని పని. దానికోసం ఎదురుచూడకుండా చేయగలిగిందీ ఉంది. న్యాయవాదిగా నమోదు కాని వ్యక్తికి కూడా ఒక నిర్దిష్ట కేసులో హాజరయ్యే అనుమతిని కోర్టు ఇవ్వవచ్చని 1961 న్యాయవాదుల చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. చివరి ఏడాది విద్యార్థి ప్యానెల్ న్యాయవాది పక్కన నిలబడి 479వ సెక్షన్ కింద విడుదల దరఖాస్తు మీద వాదన వినిపించేందుకు అనుమతి కోరుతూ ఏ జిల్లా కోర్టులోనైనా ఈ సెమిస్టరులోనే అర్జీ పెట్టవచ్చు.