సముద్రానికి తాళం వేశారా?

“అంతర్జాతీయ జలాల ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఇక 30 శాతం సముద్రానికి తాళం పడినట్టే. వలలు పడవు, చేపల కరవు ఖాయం. బ్యాటరీ లోహాల తవ్వకమూ ఆగిపోతుంది. అసలు ఎవరిదీ కాని నీటికి హద్దులు గీయడానికి వీళ్లెవరు?”

చాలా ఫోన్లలో తిరుగుతున్న సందేశమిది. చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, దానికి జవాబు చిన్నది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు దాటాక నీరు ఏ దేశానిదీ కాదు, నిజమే. అంతమాత్రాన ఎవరిష్టం వారిది అయిపోదు. 1982 నాటి సముద్ర చట్ట ఒడంబడిక అక్కడ వేటాడే స్వేచ్ఛ ఇచ్చిన చోటే చేపలను కాపాడే బాధ్యతనూ పెట్టింది.

తాళం సంగతి. 2023 జూన్‌లో ఆమోదం పొంది, 2026 జనవరి 17న అమల్లోకి వచ్చిన ఈ ఒప్పందం తనంతట తాను ఒక్క చదరపు కిలోమీటరునూ మూయలేదు. 30 శాతం అన్న అంకె కూడా దీనిది కాదు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జీవవైవిధ్యం కోసం దేశాలు పెట్టుకున్న లక్ష్యమది. ఒప్పందం చూపేది ఒక దారి మాత్రమే. ఎవరైనా రక్షిత ప్రాంతాన్ని ప్రతిపాదించాలి, శాస్త్రవేత్తలు పరిశీలించాలి, సభ్య దేశాలు ఏకాభిప్రాయానికి రావాలి. కుదరకపోతే నాలుగింట మూడు వంతుల ఓట్లు పడాలి. అప్పటికీ నచ్చని దేశం కారణం చూపి పక్కకు తప్పుకోవచ్చు. ఓడల రాకపోకలనూ వేటనూ గనులనూ చూసే పాత సంస్థల అధికారాన్ని దెబ్బతీయకూడదన్న షరతు సరేసరి. ఇన్ని మెలికలు చూశాక, ఇది మరీ మెతక అని ఎవరైనా తిడితే నాకు అర్థమవుతుంది.

చేపల కరవు వాదాన్ని మాత్రం తొందరగా వదలలేను. బేరింగ్ సముద్రం నడుమ అమెరికా, రష్యా జలాలు చుట్టుముట్టిన ఒక చిన్న ముక్క ఏ దేశానికీ చెందదు. పటంలో చూస్తే గారె మధ్య చిల్లులా ఉంటుంది. 1980లలో జపాన్, దక్షిణ కొరియా, పోలండ్, చైనా ఓడలు పొల్లాక్ చేప కోసం అక్కడ బారులు తీరాయి. ఆ దశాబ్దం చివరికి ఏటా పది లక్షల టన్నులకు పైగా పట్టారు. ఆపగలిగినవారు లేరు. 1992 నాటికి వలల్లో పడింది కొన్ని వేల టన్నులే. 1993లో వేట ఆపారు, మరుసటి ఏడాది ఒప్పందం రాసుకున్నారు. ఇన్నేళ్లయినా అక్కడ వాణిజ్య వేట మళ్లీ మొదలుకాలేదు. ఆ పరిశ్రమను మూయించింది ఏ పర్యావరణవాదీ కాదు, ఆ ఓడలే.

పైగా ఈ వేటలో లాభం ఎంతో చూడండి. ప్రభుత్వాల రాయితీలు లేకపోతే, అంతర్జాతీయ జలాల్లోని వేట ప్రాంతాల్లో 54 శాతం వరకు గిట్టుబాటు కావని 2018లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అక్కడ దొరికే ట్యూనా, టూత్‌ఫిష్ వంటివి పేదవాడి కంచంలోకి వెళ్లేవీ కావు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. గీత గీసినంత మాత్రాన చేప ఆగదు. మహాసముద్రాన్ని ఈదే ట్యూనాకు రక్షిత ప్రాంతం ఒక మజిలీ మాత్రమే. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా 2021లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి బయటపడిందంటే ముఖ్య కారణం వేట కోటాలను గట్టిగా కోయడమే. అయితే అదీ ఆంక్షే కదా! ఆ చేప తేరుకున్నాక కోటాలు మళ్లీ పెరిగాయి, ఓడలవాళ్లే బాగుపడ్డారు.

ఇక గనులు. అంతర్జాతీయ జలాల అడుగున తవ్వకానికి అనుమతులిచ్చేది జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ, ఈ ఒప్పందం కాదు. అడుగున ఏముందిలే, బురదే కదా అనేవారికి ఒక సంగతి. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ తీరానికి దూరంగా, నాలుగు వేల మీటర్లకు పైగా లోతులో, బ్యాటరీ లోహాలుండే గడ్డలు పరచుకున్న నేలను నాగలిలాంటి పరికరంతో దున్ని చూశారు. 2015లో మళ్లీ వెళ్తే ఆ చాళ్లు స్పష్టంగా కనిపించాయి. ఇలాంటి గడ్డలు మామూలుగా పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని పదుల మిల్లీమీటర్ల వరకే పెరుగుతాయి.